కార్డు పట్టుకున్న మనిషి

మా బావ నెలకోసారి వార్తలు రాస్తాడు. లోకం తలకిందులయ్యే వార్తలేం కావు. కొత్త కెమెరా ఏది వచ్చింది, ఎవరి ఫొటో ఏ పోటీలో నెగ్గింది, లెన్సుకి బూజు పట్టకుండా ఏం చెయ్యాలి, వచ్చే నెల క్లబ్బులో ఏయే తరగతులున్నాయి, వాటికి ఏం తెచ్చుకోవాలి. ఫొటోగ్రఫీ క్లబ్బు వాళ్ళు దానికి 'క్లిక్ కబుర్లు' అని పేరు పెట్టుకున్నారు. నాకు క్లబ్బుతో సంబంధం లేదు, కెమెరా లేదు. పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో కూర్చుంటాను. అయినా ఆ కబుర్లు ప్రతి నెలా నా ఫోనుకి వస్తాయి, అక్క నా పేరు చేర్పించింది కాబట్టి. "మీ బావ రాసింది చదవడానికి నేనొక్కదాన్నే దొరికానా, నువ్వూ చదువు" అంది.

అక్క చనిపోయిన నెలలో కూడా కబుర్లు వచ్చాయి. తేదీ తప్పలేదు. మొదట క్లబ్బు తరఫున సంతాపం అని ఒక వాక్యం, దాని కిందే మెమరీ కార్డు తడిస్తే ఎలా ఆరబెట్టాలో నాలుగు వాక్యాలు. సంతాపం ముక్క సెక్రటరీ రాశాడట. మిగతాదంతా బావే. వేరే రోజుల్లో అయితే ఫోను చేసి నాలుగూ దులిపేసేదాన్ని. నాది అసలే ముక్కు మీద కోపం. కానీ అప్పుడు కోపం రాలేదు. కోపం, ఏడుపు, ఆకలి అన్నీ మూటాముల్లె సర్దుకుని ఎటో వెళ్ళిపోయాయి. క్లినిక్‌లో ఫోనెత్తి పై పన్నా, కింది పన్నా అని అడుగుతూ కూర్చున్నాను.

బావ నీటి సరఫరా ఆఫీసులో పని చేస్తాడు. అది జీతం కోసం. ప్రాణమంతా కెమెరాలో ఉంటుంది. కుళాయి అంచున వేలాడే బొట్టు, తుప్పు పట్టిన మేకు, మూలన సాలెపురుగు, ఇవీ ఆయన తీసేవి. సాలెపురుగులకి ఆయన కంప్యూటర్లో ఉన్నన్ని ఫొటోలు మా ఇంటా వంటా ఎవరికీ లేవు. అక్కతో ఆయనకి ఒకటే పని పడేది. ఒకసారి అక్కడ నిలబడు, లైటు చూసుకోవాలి అనేవాడు. అక్క పొయ్యి కట్టేసి, చెయ్యి తుడుచుకుంటూ వచ్చి నిలబడేది. ఆయన ఒకటి తీసి, వెలుగు ఎలా పడుతోందో చూసుకుని, ఇక వెళ్ళమనేవాడు. ఆమె నిలబడ్డ చోటికి గాజు గ్లాసో పూలకుండీయో వచ్చేది. అసలు ఫొటో దానికి. అక్కది టెస్టు, పని కాగానే డిలీట్. "మీ బావ నన్ను తీసినన్ని ఫొటోలు ఏ హీరోయిన్‌నీ తీసి ఉండరు. ఒక్కటీ మిగల్లేదంతే" అని నవ్వేది.

టెస్టు ఫొటోకి అక్క చేతిలో ఒక అట్ట ఉండాలి. దాన్ని గ్రే కార్డ్ అంటారు. పుస్తకం అంత ఉంటుంది, ఉత్త బూడిద రంగు. గదిలో బల్బు పసుపుదైతే ఫొటోలో అన్నీ పసుపు తిరుగుతాయి, ట్యూబులైటైతే ఆకుపచ్చ కొడతాయి. అందుకని మనిషి చేతికి ఆ అట్ట ఇచ్చి ముందొక ఫొటో తీస్తారు. తర్వాత కంప్యూటర్లో ఆ అట్ట అచ్చంగా బూడిద రంగులోకి వచ్చేదాకా రంగు దిద్దుతారు. అట్ట కుదిరిందంటే ఫొటోలో మిగతావన్నీ కుదిరినట్టే. కొత్తగా నేర్చుకునేవాళ్ళకి బావ మొదటి రోజు చెప్పే మాట అదే. మీ కళ్ళని నమ్మకండి, అట్టని నమ్మండి.

ఆయన మాత్రం ఎప్పుడో అట్ట వైపు చూడటం మానేశాడు. అట్ట అక్క చేతిలో ఉండేది గానీ ఆయన దిద్దుకునేది అక్క ముఖం చూసి. పెళ్ళయినప్పటి నుంచీ రోజూ చూస్తున్న ముఖం, దాని రంగేదో నాకు ఒక అట్ట చెప్పాలా అనేవాడు. మేమంతా మురిసిపోయేవాళ్ళం. ఇరవై ఏళ్ళు దాటాక కూడా మొగుడు అలాంటి మాట అంటే ఎవరు మురవరు.

రెండేళ్ళ కిందట క్లబ్బులో కొత్తవాళ్ళకి తరగతులు మొదలుపెట్టారు. సైకిల్ రిపేరు షాపు మీద ఒక పొడవాటి గది, కింద నుంచి గ్రీజు వాసన వస్తూ ఉంటుంది. మొదటి పాఠానికి ఒక మనిషి కుర్చీలో కూర్చుని అట్ట పట్టుకోవాలి, నేర్చుకునేవాళ్ళంతా వరసగా తీయాలి. ఆ కుర్చీలో అక్కని కూర్చోబెట్టారు. జీతం లేని కొలువు, టీ మాత్రం ఇచ్చేవాళ్ళు. ఆమెకి నచ్చింది. ఇంట్లో ఒక్కడు తీసి చెరిపేస్తాడు, ఇక్కడ పదిమంది తీసి దాచుకుంటారు అనేది. క్లబ్బులో అందరూ ఆమెని కార్డక్క అని పిలిచేవాళ్ళు.

పోయిన ఏడాది బావకి అట్టతో తగాదా మొదలైంది. అక్క ముఖం సరిగ్గా వచ్చేలా దిద్దితే ఆమె చేతిలో అట్ట నీలంగా కనబడుతోందట. అట్ట పాతబడి రంగు మారిందని తేల్చి కొత్తది కొన్నాడు. కొన్నాళ్ళకి అదీ నీలం తిరిగింది. ఇంకొకటి తెప్పించాడు, దాని తీరూ అదే. ఈ మధ్య ఏ సరుకూ సరిగ్గా చెయ్యడం లేదని ఇంట్లో సణిగాడు. ఆ నెల కబుర్లలో మొదటి వార్త అదే అయింది: గ్రే కార్డులు త్వరగా రంగు మారుతున్నాయి, సభ్యులు తమవి సరిచూసుకోవాలి. అక్క ఆ వార్త నాకు పైకి చదివి వినిపించింది. "అట్టలు మార్చీ మార్చీ విసిగిపోయావు, ఒకసారి పెళ్ళాన్ని మార్చి చూడు, కుదురుతుందేమో" అని బావని ఆట పట్టించింది. ముగ్గురం నవ్వాం. ఆ రోజు ఆమె మాట్లాడుతున్నంతసేపూ మోచేతులు గోక్కుంటూనే ఉంది. చర్మం పొడిబారిందని మేమే అనుకున్నాం, ఆవిడా అదే అంది.

ఆసుపత్రికి వెళ్ళేసరికి కాలేయం పక్కన గడ్డ ముదిరిపోయింది. డాక్టరు అక్క కింది రెప్ప లాగి చూసి, ఇంత పచ్చబడిందంటే చాలా కాలమై ఉండాలి, ఇంట్లో ఎవరూ చూడలేదా అని అడిగాడు. బావ చాలా మర్యాదగా, లేదండీ, రంగు మామూలుగానే ఉందండీ అన్నాడు. ముందే తెచ్చి ఉంటే ఆపరేషన్‌కి వీలుండేదని డాక్టరు అన్నాడు. ఆ మాట బావా విన్నాడు, నేనూ విన్నాను. ఆ తర్వాత ఇద్దరం దాని ఊసెత్తలేదు.

అక్క పోయాక బావ రోజూ ఆఫీసుకి వెళ్ళాడు. నేను డబ్బాలో పెట్టి తీసుకెళ్ళింది తిన్నాడు, డబ్బా కడిగి తిరిగిచ్చాడు. ఒక మార్పు మాత్రం కనిపించింది. ఇంట్లో పసుపు బల్బులన్నీ తీసేసి తెల్లవి పెట్టాడు. తెల్ల వెలుగులో మనుషులు పీనుగుల్లా కనిపిస్తారని వాటిని గడప తొక్కనివ్వని మనిషి ఆయన. ఆ ఇంట్లో ఏ వెలుగైనా నాకు ఒకటే అయింది. కబుర్లలో కూడా రాబోయే తరగతుల కింద ఒకటే రకం వచ్చేది: నలుపు తెలుపులో నీడలు, నలుపు తెలుపులో గోడలు, నలుపు తెలుపులో పాత్రలు. రంగుల తరగతి ఎప్పుడని సభ్యులు సణుగుతున్నారని సెక్రటరీ నాతో అన్నాడు. దుఃఖంలో ఉన్న మనిషికి రంగులేం రుచిస్తాయిలే అనుకున్నాను.

అప్పుడు చిట్టి ఫోను చేసింది. చిట్టి అక్క కూతురు, హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. ఏడవడానికి చెయ్యలేదు, గొంతు మామూలుగానే ఉంది.

"పిన్నీ, అమ్మ ఫొటో ఒకటి కావాలి. అమ్మ ఒక్కతే ఉండాలి, బాగున్నప్పటిది. కళ్ళు మూసుకుంటే నాకు ఆసుపత్రి మంచం మీద ముఖమే వస్తోంది. ముందు ఎలా ఉండేదో గుర్తు రావట్లేదు. ఎంత ప్రయత్నించినా రావట్లేదు పిన్నీ."

నేను నా ఫోనంతా వెతికాను. వంటవాడున్న ఇంట్లో ఇంకెవరూ గరిటె పట్టరు. ఫొటోలు బావ చూసుకుంటాడులే అని మేమెవరం తీయలేదు. గుంపుల్లో, అంచుల్లో, ఎవరి భుజం వెనకో సగం చెవి, సగం చెంప. ఒకదానిలో చెయ్యి అడ్డం పెట్టుకుంది, వేళ్ళు బాగా వచ్చాయి. బావని అడిగాను. టెస్టు ఫొటోలన్నీ చెరిపేశానన్నాడు. ఒక్కటైనా లేదా అంటే, డబ్బా మూత తుడుస్తూ, లేదన్నాడు. ఆయన ముఖంలో ఏమీ లేదు. నా ముఖంలోనూ ఏమీ ఉండి ఉండదు.

పదిమంది తీసి దాచుకుంటారన్న అక్క మాట అప్పుడే తట్టింది. క్లబ్బు సెక్రటరీ దగ్గరికి వెళ్ళాను. ఆయన సన్నగా పొడుగ్గా ఉండి కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడతాడు, అందుకని అందరూ కెమెరా స్టాండు పేరు పెట్టి ట్రైపాడ్ అంటారు, ఆయనా ఒప్పేసుకున్నాడు. కబుర్లలో ఒక చిన్న విన్నపం వేయించమన్నాను. మొదటి పాఠంలో కార్డక్కని తీసినవాళ్ళెవరైనా ఉంటే ఆ ఫొటోలు ఈ నంబరుకి పంపండి అని. బావ చదువుతాడు కదా అని ఆయన నసిగాడు. చదవనివ్వండి అన్నాను. బావ చదివాడో లేదో నాతో ఏమీ అనలేదు.

ఫొటోలు రావడం మొదలైంది. క్లినిక్‌లో పక్కగదిలో డ్రిల్లు గీపెడుతుంటే నా ఫోను టింగుమనేది, అక్క వచ్చేది. కొత్తవాళ్ళు తీసినవి కదా, ఒకదాంట్లో తల తెగిపోయింది, ఒకదాంట్లో కుర్చీ స్పష్టంగా ఉండి మనిషి మసక. ఆవలిస్తూ ఒకటి, కళ్ళు మూసుకుని ఒకటి, ఎవరినో కసురుతూ ఒకటి. ఫోనులో పంపేసరికి తేదీలు ఊడిపోతాయట, ఏది ముందో ఏది వెనకో తెలియలేదు. మొదటి బృందం వాళ్ళవైతే అక్క అని చెబితే గానీ అక్క అని తెలియదు, అంత మసక. అక్క ఇలా ముక్కలు ముక్కలుగా వస్తుంటే నాకు ఏదో ఒకటి అనిపించాలి. ఏమీ అనిపించలేదు. వచ్చిన ప్రతివాళ్ళకీ కృతజ్ఞతలు అని టైపు చేశాను.

ఒక ఫొటో మాత్రం వేరు. పంపింది బేకరీలో పని చేసే ఒకమ్మాయి. అందులో అక్క తల కొంచెం వెనక్కి వాల్చి పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతోంది, పక్క పన్ను మీది పన్ను కూడా కనిపిస్తోంది. ఎవరో ఏదో అన్నారు, దానికి సమాధానం నాలుక చివర రెడీగా ఉంది, అలాంటి నవ్వు. అది అక్కే. కింద ఆ అమ్మాయి రాసింది: "ఇది తప్పుగా వచ్చిందని సార్ అన్నారండీ. ముఖం పచ్చగా ఉంది, మళ్ళీ దిద్దమన్నారు. నేను అట్ట ప్రకారమే దిద్దాను. ఎక్కడ తప్పు చేశానో ఇప్పటికీ తెలియలేదు. పనికిరాకపోతే తీసెయ్యండి."

నేను ఫొటో పెద్దది చేసి చూశాను. అక్క చేతిలో అట్ట బూడిద రంగులో ఉంది, ఉత్త బూడిద, నీలం లేదు, పసుపు లేదు. వెనక గోడ తెల్లగా ఉంది. అక్క జాకెట్టు అంచు తెల్లగా ఉంది. ముఖం మాత్రం నిమ్మతొక్కలా ఉంది. కళ్ళలో తెల్లగుడ్డు కూడా.

అంతవరకూ వచ్చినవన్నీ మళ్ళీ తీసి చూశాను. ఎవరు ఏ బృందమో అడిగి వరసలో పెట్టాను. అట్ట అన్నిట్లోనూ ఒకేలా ఉంది. ముఖం ఒక బృందం నుంచి ఇంకో బృందానికి పచ్చబడుతూ వచ్చింది. బావ చెప్పినట్టే కళ్ళని నమ్మకుండా అట్టని నమ్మినవాళ్ళందరి ఫొటోల్లోనూ ఆ పచ్చదనం పడింది. ఆయన ఒక్కొక్కరి భుజం మీంచి వంగి, పచ్చగా ఉంది, తప్పు, మళ్ళీ చెయ్యి అని దిద్దించాడు. ఇంట్లో తనూ దిద్దుకున్నాడు. అక్క ముఖంలో పసుపు తీసేస్తే ఆ తీసేసినంత మేరా అట్ట నీలమైంది. అట్ట మార్చాడు. రోగం వచ్చి కూర్చుని నేనున్నాను అని చెబుతుంటే, దాన్ని ప్రతివారం కంప్యూటర్లో తుడిచేసి, అక్కని ఆరోగ్యంగా చేసుకుని చూసుకున్నాడు. ప్రేమగానే చేశాడు.

ఎవరో పేషెంటు కౌంటరు ముందు నిలబడి ఎంతసేపని అడుగుతున్నాడు. కూర్చోమన్నాను. నాకు భయమేసింది. చాలా రోజుల తర్వాత నాకు వచ్చింది అదొక్కటే. ఈ సంగతి బావకి తెలిస్తే ఆ మనిషి నిలబడడు అనుకున్నాను. ఇప్పటికే గాలికి నిలిచిన గోడలా ఉన్నాడు, వేలు పెడితే చాలు. తెలియనివ్వకూడదు. కానీ చిట్టికి ఇవ్వదగ్గ ఫొటో ఇదొక్కటే. రంగుతో ఇస్తే చిట్టి చూస్తుంది, బావకి చూపిస్తుంది.

రంగు లేకపోతే ఎవరికీ తెలియదు కదా అని అప్పుడే తోచింది. ఆ నెల కబుర్లు తెరిచి రాబోయే తరగతులు చూశాను: రంగు ఫొటోని నలుపు తెలుపులోకి మార్చడం, ఆదివారం ఉదయం, కొత్తవారు రావచ్చు, కెమెరా లేకపోయినా ఫరవాలేదు. అక్క చేర్పించినప్పటి నుంచీ చదువుతున్నాను గానీ అందులో నా కోసం ఒక ముక్క ఉండటం అదే మొదటిసారి. వెళ్ళాను.

ఆ పొడవాటి గదిలో కుర్చీ గోడ వారకి జరిపేసి ఉంది. బల్ల మీద ఒక స్టీలు జగ్గు పెట్టి అందరూ దాన్నే తీస్తున్నారు. బావ నన్ను చూసి తల ఊపాడు, ఎందుకొచ్చావనలేదు. పాఠం చెప్పాడు. గొంతు రైల్వే స్టేషన్లో ప్రకటనలా ఉంది, తప్పు లేదు, మనిషి లేడు. ఫొటోలో రంగు తీసేస్తే అన్నీ ఒకేలా బూడిద అవ్వవట. ఎరుపుని ముదురుగా చేసుకోవచ్చు, ఆకుపచ్చని లేతగా చేసుకోవచ్చు, ఏ రంగుకి ఆ రంగు విడిగా జరుపుకోవచ్చు. అందరూ జగ్గు మీద పడ్డారు. నేను చెయ్యెత్తాను.

ఫొటోలో ఏదైనా ఒక రంగు ఎక్కువైపోతే, నలుపు తెలుపులో దాని జాడ కూడా కనబడకుండా చెయ్యాలంటే ఎలా అని అడిగాను. ఏ రంగు అన్నాడు. పసుపు అన్నాను. ఆయన నా వైపు కొంచెంసేపు చూశాడు. తర్వాత నా పక్కకి వచ్చి, నా ముందున్న కంప్యూటరు తెర మీద పసుపు గీత పట్టుకుని మెల్లగా కుడివైపు జరిపి చూపించాడు. "ఇంతవరకు జరుపు. చర్మం తేటగా వస్తుంది. ఇంతకంటే జరిపితే బొమ్మలా అయిపోతుంది" అన్నాడు. పక్కమ్మాయి జగ్గు దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రమే ట్రైపాడ్ కంప్యూటర్లో కూర్చుని ఆయన చెప్పినంతవరకే జరిపాను. అక్క ముఖం తేటపడింది. కళ్ళు తెల్లబడ్డాయి. జబ్బు లేదు, ఏమీ లేదు, నవ్వుతోంది. స్టూడియోలో ప్రింటు వేయించాను, రెండు. ఒకటి చిట్టికి, ఒకటి బావకి. పాపం చేస్తున్నానో పుణ్యం చేస్తున్నానో ఆలోచించే ఓపిక లేదు.

తర్వాతి ఆదివారం మధ్యాహ్నం డబ్బాతో పాటు ఆ కవరు కూడా తీసుకెళ్ళాను. బావ కంప్యూటరు ముందు కూర్చుని వచ్చే నెల కబుర్లు టైపు చేస్తున్నాడు. కవరు ఇచ్చి, కొత్తవాళ్ళెవరో పంపారు, ఒక్కటైనా బాగా వచ్చింది, చిట్టికి పంపుదాం అన్నాను. నా గొంతు నాకే క్లినిక్ గొంతులా వినబడింది.

ఆయన ప్రింటు తీసి కిటికీ దగ్గరికి వెళ్ళాడు. దూరంగా పెట్టి చూశాడు, దగ్గరగా పెట్టి చూశాడు. ఫోకస్ బాగా కుదిరింది అన్నాడు. ఇంకాసేపు చూశాడు.

"బేకరీ అమ్మాయి తీసింది కదూ. ఇది తప్పని నేనే చెప్పాను. ముగ్గురి ముందు చెప్పాను" అన్నాడు.

నేను ఏదో సర్దబోయాను, నలుపు తెలుపులో అయితే గోడకి అందంగా ఉంటుందని. బావ ప్రింటు కిటికీ గట్టు మీద పెట్టాడు.

"నలుపు తెలుపు ఎందుకు చేశావో నాకు తెలుసు. నేనూ అందులోనే కదా దాక్కున్నాను. కబుర్లలో నీ విన్నపం చూసిన రోజే అనుకున్నాను, ఎప్పటికైనా నీకూ కనబడుతుందని."

నేను మంచం అంచున కూర్చున్నాను. బావ ఆసుపత్రి నుంచి ఒకసారి బట్టల కోసం ఇంటికి వచ్చినప్పుడే చూశాడట. డాక్టరు అన్న మాట చెవిలో తిరుగుతుంటే కంప్యూటరు తెరిచి, తను చేసిన రంగుల దిద్దుబాటంతా తీసేసి, అట్ట ప్రకారం మళ్ళీ దిద్ది చూశాడట. కెమెరా చూసిన అసలు రంగు కింద అలాగే ఉంటుందట, మనం ఎంత దిద్దినా పోదట. అప్పటికి అక్క ఇంకా ఉంది. బట్టలు తీసుకుని వెనక్కి వెళ్ళి ఆమె పక్కన కూర్చున్నాడు, ఏమీ చెప్పలేదు. ఆ తర్వాత ఎవరికీ చెప్పలేదు. చెరిపేశానని నాకు చెప్పింది అబద్ధం.

కుర్చీలో కూర్చుని ఒక ఫోల్డరు తెరిచాడు. తెర నిండా అక్క. పొయ్యి దగ్గర నుంచి వచ్చిన అక్క, తడి చేతులతో అక్క, జడ విప్పుకుని అక్క, పుస్తకం చంకలో పెట్టుకున్నట్టు అట్ట చంకలో పెట్టుకున్న అక్క. కిందికి జరుపుతూ పోయాడు, ఎంతకీ తరగలేదు. ఒక్కటీ చెరపలేదు. ఏళ్ళ తరబడి చెరిపేస్తున్నట్టు చెప్పి అన్నీ దాచుకున్నాడు. ఎందుకు దాచావని అడగలేదు, అది అర్థం చేసుకునే వయసు నాకుంది.

"చిట్టి నన్నూ అడిగింది. బాగున్నప్పటిది కావాలంది. నేను వెతుకుతూనే ఉన్నాను. ఎప్పటి నుంచో ఉండాలి అన్నాడు డాక్టరు. ఎప్పటి నుంచి? ఆర్నెల్లు వెనక్కి వెళ్ళాను, పచ్చగా ఉంది. ఏడాది వెళ్ళాను, పచ్చగానే ఉంది. చిట్టి చంకలో ఉన్నప్పటి ఫొటో తీసి చూస్తే అదీ పచ్చగానే ఉంది. అలా ఉండదని తెలుసు. నాకు మాత్రం అలాగే కనబడుతోంది" అన్నాడు.

కామెర్లు వచ్చినవాడికి లోకమంతా పచ్చగా కనబడుతుందంటారు. కామెర్లు వచ్చింది అక్కకి. తెల్ల బల్బులు పెట్టుకున్నది అందుకు, రంగుల తరగతులు ఎత్తేసింది అందుకు. ఊళ్ళో వాళ్ళకి రంగు నేర్పిన మనిషికి ఇప్పుడు ఏ రంగు ఏదో తెలియడం లేదు. దీన్ని నేను దుఃఖం అనుకున్నాను. దుఃఖమైతే ఇంకా నయం.

కుర్చీ పక్కకి జరిపి నాకు చోటిచ్చాడు.

"చిన్నదానా, నువ్వు చూడు. నీ కళ్ళు ఇంకా పాడవలేదు. ఇందులో మీ అక్క ఎక్కడ బాగుందో నువ్వు చెప్పు. అదే చిట్టికి ఇస్తాను. రంగులోనే ఇస్తాను."

నేను జరుపుతూ పోయాను. చాలాసేపు. కిటికీ పక్కన నిలబడి, ఇంక చాలు, అవతల మాడిపోతోంది అని అంటున్నట్టుగా ఒక ఫొటోలో ఉంది అక్క. చెంపలు నిండుగా ఉన్నాయి. అక్కడ ఆపాను.

"ఇది" అన్నాను.

"నిజంగానా?"

"నిజంగానే బావా. ఇందులో అక్క బాగుంది."

నాకు తెలియలేదు. బేకరీ అమ్మాయి ఫొటో చూసినప్పటి నుంచీ నా కళ్ళూ నా మాట వినడం లేదు, చూస్తున్నకొద్దీ ఆ చెంప మీద ఏదో లేత పసుపు ఉన్నట్టే ఉంది, కిటికీ ఎండో, అక్కో, నా భయమో. అయినా చెప్పాను. చెబుతుండగానే ఏడుపు వచ్చేసింది, అక్క పోయాక మొదటిసారి, ముక్కూ మొహం ఏకమయ్యేలా. బావకి రాలేదు. ఆయన తెర మీది ముఖం వైపూ నా ముఖం వైపూ మార్చి మార్చి చూస్తూ, ఇదేనా, సరిగ్గా చూశావా, ఇదేనా అని అడుగుతూనే ఉన్నాడు.